చివరి గాటు

తోలు మీద ఒకసారి పడిన గాటును చెరపలేం. అందుకే ఆ గాటు పెట్టే చెయ్యి ముందు చిత్తు తోలు మీద తయారవ్వాలి. బొబ్బిలి గొల్లపల్లి నుంచి మాధవపట్నం, నిమ్మలకుంటల మీదుగా జావా దాకా, అమెరికా జీను పనివారి దాకా విస్తరించిన ఆ సాధన మీదే ఈ వారం కథనం.

తెర మీద సీతమ్మ మెళ్లో మెరిసే హారంలో ముత్యాల్లేవు. ముత్యాల రంగు కూడా లేదు. అక్కడున్నవి వట్టి చిల్లులు. మేకతోలును వెలుగు పారేంత పలచగా గీకి, ఆరబెట్టి, దాని మీద బొమ్మ రాసి, నగ ఉండాల్సిన చోటల్లా ఉలితో తోలు తీసేశారు. రంగు అద్దిన తోలులోంచి దీపం వెలుగు ఎర్రగానో పచ్చగానో మెత్తబడి వస్తుంది. చిల్లులోంచి వచ్చే వెలుగుకు ఏ అడ్డూ ఉండదు, తెల్లగా దూకుతుంది. ఆ రెండు వెలుగుల తేడాలోంచే తోలుబొమ్మల నగలన్నీ పుట్టాయి. వడ్డాణం, కిరీటం, చీర అంచు, హనుమంతుడి తోక మీది పట్టీలు అన్నీ అంతే.

రంగు వేసేవాడు బొమ్మకు ఏదో ఒకటి కలుపుతాడు. కలిపింది నచ్చకపోతే పైన ఇంకో పూత వెయ్యొచ్చు. ఉలి పట్టినవాడు మాత్రం తీసేస్తాడు. తీసేసింది తిరిగి రాదు. పైగా నగిషీ అనేది పనిలో చివర పడేది. తోలు నానబెట్టి, వెంట్రుకలు తీసి, ఎండలో లాగి కట్టి, బొమ్మ గీసి, ఇన్నాళ్ల శ్రమా అయిపోయాక ఆ ఉలి దిగుతుంది. అక్కడ చెయ్యి వణికితే వెనకటి పనంతా పోతుంది. ఆ వణుకు పోవడానికి మనిషి ఏం చేస్తాడు, ఎన్నాళ్లు చేస్తాడు, ఆ రోజుల్లో అతని పొయ్యి ఎలా వెలుగుతుంది? తోలుబొమ్మలాట గురించి, దాని కథల గురించి మంచి పుస్తకాలు వచ్చాయి. కళాకారులకు పురస్కారాలూ వచ్చాయి. ఈ మూడు ప్రశ్నల గురించి మాత్రం మనం మాట్లాడింది చాలా తక్కువ.

మన వైపు తోలు మోగుతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తోలును చూడటం కంటే వినడం ఎక్కువ. తప్పెటగుళ్ల బృందం గుండెల మీద తప్పెటలు కట్టుకుని, గజ్జెలతో వలయం తిరుగుతుంటే ఊరంతా అక్కడే ఉంటుంది. పండగలో, పెళ్లిలో, అమ్మవారి సంబరంలో డప్పు లేనిదే అడుగు పడదు. వాయించే ముందు మంట దగ్గర పెట్టి డప్పును వేడి చేస్తారు. తోలులోకి చేరిన చెమ్మ పోయి బిగువు తిరిగి వస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో, వానాకాలంలో ఈ పని మరీ ఎక్కువ. తోలుకు చెమ్మ తగిలితే ఏమవుతుందో, వేడి తగిలితే ఏమవుతుందో మన డప్పు కళాకారులకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

కానీ డప్పు తోలు మీద కత్తి పడకూడదు. సన్నటి గీత పడినా చాలు, దెబ్బల కింద అది చీలికవుతుంది, నాదం పోతుంది. అదే మేక, అదే తోలు. ఒకచోట ఒక్క గాటు ప్రాణం తీస్తుంది, ఇంకొకచోట ప్రతి గాటూ నగవుతుంది. తోలుబొమ్మలు కొట్టే ఊళ్లు చెప్పమంటే మన రెండు జిల్లాలు దాటి వెళ్లాలి. దక్షిణంగా కాకినాడ పక్కన మాధవపట్నం ఉంది. ఇంకా దూరాన, ఒకప్పటి అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. అటు ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళితే రావణఛాయ ఉంది. అవి కీళ్లు లేని, రంగులు లేని చిన్న జింకతోలు బొమ్మలు. అక్కడ ముఖమూ నగా అన్నీ గాటుతోనే పలకాలి, ఎందుకంటే నలుపు తెలుపు తప్ప వాటికి వేరే భాష లేదు. ఈ రెండు సంప్రదాయాల మధ్య ఉన్న నేల మనది.

అలాగని మన వైపు నగిషీ గాటు తెలియని చేతులు లేవనుకుంటే తప్పు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వారు పనస దుంగను ఒకే ముక్కగా తొలిచి వీణ చేస్తారు. కుండ తొలవడం, దండి చెక్కడం, వ్యాళి ముఖం తీర్చడం అన్నీ అయ్యాక నగిషీ మొదలవుతుంది. ఒకప్పుడు దంతం, దుప్పికొమ్ము వాడిన చోట ఇప్పుడు తెల్లని ప్లాస్టిక్ రేకు అతికి, దాని మీద సన్నటి మొనతో లతలు గీసి, గీతల్లో రంగు నింపుతారు. గీత లోతు ఒకచోట ఎక్కువై ఒకచోట తక్కువైతే రంగు మచ్చలు మచ్చలుగా నిలుస్తుంది. అంటే లోతు సమంగా రావాలి, లేదా కావాలని తగ్గుతూ రావాలి. తోలు పనివాడి సాధన కూడా సరిగ్గా ఇదే. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకూ ఉంది. ఆ రెండు పనుల చేతులు మాత్రం ఒక చాప మీద కూర్చోలేదు.

పచ్చితోలు, పండిన తోలు

గాటు ఎలా పడుతుందన్నది కత్తి కంటే ముందు తోలు నిర్ణయిస్తుంది. తోలుబొమ్మలకు వాడేది పదును పెట్టని తోలు, అంటే పచ్చితోలే. నానబెట్టి, శుభ్రం చేసి, లాగి ఆరబెడితే గట్టిపడి వెలుగు పారేలా తయారవుతుంది. దీని మీద కత్తి సగం లోతు దిగి ఆగిపోతే ప్రయోజనం లేదు. గాటు ఇటునుంచి అటు దాటాలి. ఎండ మరీ ఎక్కువైతే తోలు పెళుసెక్కి ఉలి దెబ్బకు చిట్లుతుంది. చెమ్మ ఎక్కువైతే మెత్తబడి, అంచు తెగకుండా నలుగుతుంది. మధ్యలో ఒక అదను ఉంది. ఆ అదను చేతికి తెలియాలి.

పాతకాలంలో రాముడి వంటి పాత్రలకు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకతోలు మాట లేదు, ఇప్పుడు మేకతోలే ఆధారం. బొమ్మలు మనిషి ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. దేశంలోని నీడబొమ్మల్లో ఆంధ్ర తోలుబొమ్మలే పెద్దవి. ఒక్క తోలు చాలదు కాబట్టి భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు విడివిడిగా కోసి కీళ్ల దగ్గర కడతారు. రావణుడికైతే చాలా తోళ్లు పడతాయి. అంత పెద్ద బొమ్మ కాబట్టే అంత చిల్లుపని పడుతుంది.

చెప్పుల తోలు, జీను తోలు, సంచుల తోలు వేరే రకం. వాటిని చెట్ల బెరడులో, కాయల రసంలో ఊరవేస్తారు. ఆ రసంలోని వగరు తోలు పోగులను పట్టేసి కుళ్లకుండా, గట్టిపడకుండా కాపాడుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో తంగేడు చెక్కతో, కరక్కాయతో పదునుపెట్టిన దక్షిణాది తోళ్లు విదేశాలకు పెద్ద ఎత్తున వెళ్లేవి. ఆ కరక్కాయ మన సీతంపేట, పార్వతీపురం కొండల్లో దొరికేదే. 1956లో ఏర్పడి విశాఖపట్నం కేంద్రంగా నడుస్తున్న గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో అదొకటి. చెక్కుడుపనికి ఇలా వగరుతో పండిన తోలే కావాలి. తడిపి కోస్తే ఆ గాటు అలాగే నిలుస్తుంది, సుత్తి దెబ్బకు పడిన పల్లం అలాగే ఉంటుంది. నేటి ప్రపంచంలో ఎక్కువ తోలు క్రోమియం లవణాలతో తయారవుతోంది. అది మెత్తన, సాగుడు, త్వరగా అవుతుంది. కానీ దాని మీద నొక్కిన గుర్తు మళ్లీ పైకి లేచిపోతుంది. సంతలో కొన్న సంచి ముక్క మీద నగిషీ ప్రయత్నించి, నాకు రాదని వదిలేసినవారు చాలామంది తమ చేతిని నిందించుకుని ఉంటారు. తప్పు తోలుది.

తోలు విద్య అనగానే తెలుగువాళ్లు గర్వంగా తలచుకోవాల్సిన పేరు యలవర్తి నాయుడమ్మ. 1922లో ఆనాటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టి, 1948లో మద్రాసులో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా సంచాలకుడిగా పనిచేశారు. 1985 కనిష్క విమాన పేలుడులో చనిపోయారు. తోలు పని అంటే ముక్కు మూసుకునే సమాజంలో ఆ పనిని ప్రయోగశాలలోకి, విశ్వవిద్యాలయంలోకి తెచ్చి నిలబెట్టిన మనిషి. తోలు పదునుకు దేశంలో అంత పెద్ద విజ్ఞానం పెరిగింది. దాని మీద గాటు పెట్టే విద్యకు మటుకు ఆ పాటి ఇల్లు దొరకలేదు.

ఒక్క గాటు ఎలా పడుతుంది

పండిన తోలు మీద నగిషీ గాటుకు లోకంలో ఎక్కువ పేరు తెచ్చింది అమెరికా పడమటి రాష్ట్రాల జీను పనివారు. వయోమింగ్‌లోని షెరిడన్ ఊళ్లో డాన్ కింగ్ అనే జీనుల పనివాడు (1923–2007) చిన్న పువ్వులు, వాటి చుట్టూ గుండ్రంగా తిరిగే తీగలతో ఒక పద్ధతిని స్థిరపరిచాడు. ఇప్పుడు దాన్ని ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. వాళ్లు వాడేది స్వివెల్ నైఫ్. పొట్టి కత్తి, పైన చూపుడువేలు ఆనడానికి ఒక కొక్కెం లాంటి పీట. వేలు పైనుంచి బరువు వేస్తుంటే బొటనవేలు, మధ్యవేలు కత్తి పిడిని అటూ ఇటూ తిప్పుతాయి. మణికట్టు కదలదు. వంపు అంతా వేళ్లలోంచి రావాలి.

ముందు బొమ్మ గీతల వెంట కోస్తారు. తర్వాత ముద్రలతో, సుత్తితో ఆకులకు ఎత్తుపల్లాలు తెస్తారు. అన్నీ అయ్యాక, చిట్టచివర, అలంకార గాట్లు. ఆకు ఈనెలు, రేకు మీది చారలు, తీగ ఒంపులో పడే కామా ఆకారపు గీతలు. వీటికి కింద గీసుకున్న గుర్తు ఉండదు. వీటి మీద తర్వాత ఏ పనీ చేయరు. ఏది పడిందో అదే మిగులుతుంది. గాటు మొదట్లో బరువు బాగా వేసి లోతుగా దించుతారు. చేతిని తమ వైపు లాక్కుంటూ పిడిని తిప్పుతారు. తిరుగుతూ తిరుగుతూ బరువు తగ్గిస్తూ తేలిపోవాలి. మొదలు వెడల్పు, చివర వెంట్రుకంత. ఎక్కడ ఆగిందో కంటికి తెలియకూడదు.

చెప్పడానికి ఇంతే. చేతికి రావడానికి మూడు పనులు ఒకేసారి జరగాలి: లాగడం, తిప్పడం, తేల్చడం. కొత్తవాడికి లాగడం, తిప్పడం వస్తాయి. మూడోదే రాదు. చివరిదాకా ఒకే బరువుతో లాగి ఠక్కున ఎత్తేస్తాడు. గాటు కొస మొండిగా తెగిపోతుంది. ఇంకో తప్పు, భయంతో మొదట్లోనే తేలిగ్గా పెట్టడం. అప్పుడు మొత్తం గాటే నీరసంగా ఉంటుంది. నగిషీలో ధైర్యం మొదట కావాలి, నెమ్మది చివర కావాలి. ఈ క్రమం తారుమారైతే పని చూడగానే తెలిసిపోతుంది.

సాధన చేసే తీరు కూడా అన్ని చోట్లా దాదాపు ఒకటే. తోలు ముక్కను తడిపి, నీరు లోపలికి ఇంకి పై రంగు మళ్లీ తన రంగుకు వస్తున్న వేళ దాకా ఆగాలి. ఆ ముక్క మీద ఒకే ఒంపును వరస కట్టి కోయాలి. కుడి ఒంపు అయ్యాక ఎడమ ఒంపు. ప్రతి చేతికీ ఒక వైపు తేలిక, ఒక వైపు కష్టం. కష్టమైన వైపే ఎక్కువ చేయాలి. తర్వాత పక్కపక్కనే పొడవు తగ్గుతూ పోయే గాట్లు. చేతిని తిప్పడం కన్నా తోలు ముక్కను తిప్పుకోవడం మంచిది. కత్తి మొన పదును తగ్గగానే పాలిష్ పొడి రాసిన తోలుపట్టీ మీద రుద్దాలి. పదును లేని కత్తి తోలును కోయదు, ఈడుస్తుంది. కొత్తవారు చెయ్యి కుదరడం లేదని బాధపడే రోజుల్లో సగం కత్తి నూరుకోని రోజులే. చెప్పులు కుట్టే పెద్దలను గమనిస్తే తోలు కోసే రంపె నూరడానికి వాళ్లు వెచ్చించే సమయం కనిపిస్తుంది. అది వృథా కాలక్షేపం కాదు, పనిలో మొదటి భాగం.

ఇక్కడ మన వైపు వారికి ఒక మంచి బడి సిద్ధంగా ఉంది. వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో మధుకేశ్వరాలయం ద్వారబంధాల మీద తూర్పు గాంగుల నాటి శిల్పులు చెక్కిన లతలు చూడండి. ప్రతి ఆకూ తల్లి తీగలోంచి జారినట్టే పుడుతుంది. ఏ కొమ్మా తీగకు అడ్డంగా గుచ్చుకోదు. షెరిడన్ జీను పనివారు శిష్యులకు నేర్పేదీ అదే సూత్రం: అలంకార గాట్లన్నీ ఆకు మొదలు వైపు, తీగ పారే వైపు వాలాలి. అడ్డంగా పడిన ఒక్క గాటు మొత్తం తీగను ఆపేస్తుంది. రాయి మీద ఆ పారుదలను చూసిన కళ్లకు తోలు మీద దాన్ని పట్టుకోవడం తేలికవుతుంది. కాగితం, పెన్సిలు పట్టుకుని ఆ గడపల ముందు కూర్చున్న ఒక పూట ఎన్నో తోలు ముక్కలను ఆదా చేస్తుంది.

రెండు చిల్లుల నడుమ

తోలుబొమ్మ దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. అక్కడ కష్టం చిల్లులో లేదు, రెండు చిల్లుల మధ్య మిగిలే తోలులో ఉంది. ఎడం ఎక్కువైతే ముత్యాలు హారంలా కనబడవు, విడివిడి చుక్కలవుతాయి. ఎడం తగ్గితే తపాలా బిళ్లల అంచులా ఆ వరస వెంటే తోలు చిరిగిపోతుంది. పైగా ఈ బొమ్మ గోడకు వేలాడేది కాదు. ఆడుతుంది, యుద్ధం చేస్తుంది, తెరకు కొట్టుకుంటుంది. భీముడు గద తిప్పినప్పుడల్లా భుజం దగ్గరి చిల్లుల మీద బరువు పడుతుంది. అందుకే కీళ్ల దగ్గర చిల్లులు పలచగా, ఛాతీ మీద, కిరీటంలో ఒత్తుగా వేస్తే బొమ్మ నిలుస్తుంది. అందానికీ మన్నికకూ మధ్య ఈ బేరం ప్రతి బొమ్మలోనూ జరుగుతుంది.

ఉలి నిలువుగా నిలబడాలి. కొంచెం వాలినా చిల్లు ఒకవైపు గుండ్రం, రెండోవైపు కోల. దెబ్బ ఒక్కటే పడాలి. రెండో దెబ్బకు ఉలి ఇసుమంత జరిగినా అంచు రెండు గీతలవుతుంది. కింద చెక్కదిమ్మ నున్నగా ఉండాలి. పాత గుంటలున్న దిమ్మ మీద తోలు లోపలికి కుంగి చిరుగుతుంది. లోపలి నగిషీ అంతా అయ్యేదాకా బయటి గీత వెంట కోయకపోవడం మేలు. తోలు మొత్తంగా ఉన్నప్పుడే దెబ్బకు ఓర్చుకుంటుంది. నేర్చుకునేవారికి ముందు గీత మీద చుక్కల వరస, తర్వాత వలయం మీద చుక్కలు, ఆ తర్వాత నెలవంక ఉలితో పూరేకులు. తిన్నని గీత మీద ఎడం కుదిరిన చెయ్యి వలయంలోకి రాగానే తప్పుతుంది. మొదటి చిల్లు, చివరి చిల్లు కలిసే చోట లెక్క కుదరదు. కుదిరేదాకా అదే వలయం. దీనికి దగ్గరి దారి లేదు. మన వైపు బేగి బేగి అని తొందరపెట్టే మాట ఆ చాప మీద పనికిరాదు.

వెలుగు పరీక్ష మరొకటి. పని చేసేటప్పుడు పై నుంచి పడే వెలుగులో చిల్లు నల్లగా కనిపిస్తుంది. తోలును దీపానికి ఎత్తితే అదే చిల్లు తెల్లగా వెలిగి, తన అసలు పరిమాణం కంటే పెద్దదిగా కంటికి తోస్తుంది. కింద చూసి బాగుందనుకున్న హారం తెర మీద ముద్దగా కలిసిపోవచ్చు. బొమ్మను తెరకు ఆనిస్తే చిల్లు అంచు స్ఫుటంగా ఉంటుంది, వెనక్కి లాగితే కరిగిపోతుంది. అంటే ఉలి పట్టిన మనిషి తన పనిని తలకిందులుగా ఊహించుకుంటూ చేయాలి. నలుపు చూస్తూ తెలుపు తలచుకోవాలి. ఆముదం దీపాల నాడు మినుకుమినుకుమనే వెలుగుకు సరిపడా వేసిన చిల్లులు, కరెంటు బల్బు వచ్చాక మరీ గట్టిగా మెరవడం మొదలెట్టాయి. పనివారి చెయ్యి ఆ మార్పుకూ సర్దుకుంది.

పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తోలుబొమ్మలాటను ప్రస్తావించాడు. అంటే తెలుగునేల మీద ఈ పని అప్పటికే జనం ఎరిగినది. తర్వాతి కాలంలో ఇంట్లో మరాఠీ మాట్లాడే ఆరె కుటుంబాలు దీన్ని తలకెత్తుకుని తెలుగులో రామాయణ భారతాలు ఆడాయి. ఊరూరా తిరిగే ఆ బతుకులో పిల్లల బడి బొమ్మల పెట్టె పక్కనే నడిచింది. నాన్న హాస్యపాత్ర కేతిగాడిని ఆడిస్తుంటే, అమ్మ బంగారక్కకు గొంతిస్తుంటే, పిల్లలు తెర వెనక తాళం వేస్తూ పెరిగారు. పగలు పాత బొమ్మలకు అతుకులు వేసేటప్పుడు ఉలి చేతికి వచ్చేది. ఎవరూ దానికి సాధన అని పేరు పెట్టలేదు. ఆటలు తగ్గాక ఆ బడి మూతపడింది. దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు నిమ్మలకుంట పేరు దేశమంతా విన్నది, తెలుగువాళ్లు సంతోషించారు. ఆ ఊరిని ఇవాళ ఎక్కువగా పోషిస్తున్నవి దీపాల గొడుగులు, గోడ తెరలు.

దీపం గొడుగుల మీద చిన్నచూపు నాకు లేదు. ఉలి మోగుతూ ఉండటానికి అవే కారణం, ఆడా మగా ఇంట్లో అందరికీ పని దొరకడానికీ అవే కారణం. కానీ గొడుగు కదలదు. దానికి భుజం కీలు లేదు, గద లేదు. దగ్గరి నుంచి చూస్తారు కాబట్టి చిన్న చిల్లులు చాలు, ఒకే నమూనాను పదేపదే వేయొచ్చు. బొమ్మ అడిగిన బేరాలు గొడుగు అడగదు. గొడుగుల మీదే పెరిగిన చెయ్యికి ఆడే బొమ్మ ఇస్తే ఎక్కడ ఆగాలో తెలియక తికమకపడుతుంది. అందుకే గొడుగులతో పాటు ఏడాదికి కొన్ని ఆడే బొమ్మలు కొత్తగా తయారవుతూ ఉండాలి, వాటిని ఎవరో ఒకరు కొనాలి, ఆడించాలి.

జావాలో ప్రతి చిల్లుకూ పేరుంది

సముద్రం అవతల జావాలో వాయాంగ్ కులిత్ గేదెతోలు బొమ్మల పనివారు చిల్లుల వరసలకు విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు. చిన్న గుండ్రటి చుక్కల వరస బుబుకన్. సన్నటి కోల గాట్ల వరస త్రతసన్. బంగారు నగను తలపించే వంపుల అల్లిక మాస్‌మాసన్. ఇలా చాలా ఉన్నాయి. నేర్చుకునేవాడు తేలికైన వరసల నుంచి మొదలెట్టి ఒక్కొక్కటిగా దాటాలి. ముఖం పని అనుభవజ్ఞుల చేతికే దక్కుతుంది. యునెస్కో 2003లో వాయాంగ్‌ను మానవాళి వారసత్వంగా ప్రకటించింది, 2008లో తన జాబితాలో చేర్చింది. కళింగపట్నం లాంటి రేవుల నుంచి ఓడలు తూర్పు దీవులకు వెళ్లిన చరిత్ర మనకుంది. బొమ్మలాట ఎటు నుంచి ఎటు వెళ్లిందన్న వాదన పండితులకే వదిలేద్దాం. మనకు కావలసింది వాళ్ల పద్ధతి. పేర్లుంటే మెట్లు ఏర్పడతాయి, మెట్లుంటే బయటివాళ్లు కూడా ఎక్కి రావచ్చు. మన దగ్గర ఆ మెట్లు కుటుంబాల చేతుల్లో మాత్రమే ఉన్నాయి. నిమ్మలకుంట, మాధవపట్నం పెద్దలను కూర్చోబెట్టి వాళ్లు వేసే ప్రతి వరసనూ ఒక తోలు పలక మీద కొట్టించి, వాళ్లు వాడే పేరుతో భద్రపరచాలి. పుస్తకంలో బొమ్మ వేస్తే చాలదు. వేలితో తడిమి చూసేందుకు తోలే కావాలి.

చిత్తు తోలుకు డబ్బెవరిస్తారు

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి. చెప్పులు కుట్టేవారు, రాతి శిల్పులు, బొమ్మలు చేసేవారు వాటిలో ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, పై స్థాయిది 15 రోజులు లేదా అంతకు మించి, శిక్షణ రోజుకు 500 రూపాయల భృతి. ఇది మంచి ఆరంభం, కాదనను. పని వచ్చినవాడికి కొత్త పనిముట్టు, కొత్త సంగతి అందించడానికి ఆ రోజులు సరిపోతాయి. కానీ చెయ్యి లేనివాడికి చెయ్యి తయారుచేయడానికి ఏడు రోజులు చాలవు. పదిహేనూ చాలవు. ఆ తేలిపోయే గాటు, ఆ కలిసిపోయే వలయం నెలల తరబడి రోజూ కాసేపు చేస్తే వచ్చేవి. ఆ నెలల్లో పాడయ్యే తోలుకు ఎవరూ లెక్క కట్టరు. నేర్చుకునేవాడి ఇల్లే ఆ నష్టం భరించాలి. భరించలేని ఇళ్ల పిల్లలు కూలికి వెళ్లిపోతారు. పోయినవాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ నేల మీద తోలు ముట్టిన చేతులను ఊరు ఎడంగా ఉంచింది. డప్పు కావాలి, డప్పు కట్టినవాడి ఇంట్లో మంచినీళ్లు వద్దు. చెప్పులు కావాలి, కుట్టినవాడు గడప బయటే ఉండాలి. తోలు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవారికి దాని మీద ఒక పువ్వు చెక్కమని ఎవరూ చెప్పలేదు, చెక్కితే కొనలేదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో రంపె పట్టిన చేతులు తరాలుగా కోతపని చేస్తూనే ఉన్నాయి. పదును తెలుసు, తోలు పోగు ఎటు పారుతుందో తెలుసు, చెమ్మ తెలుసు. వాళ్లకు తక్కువైంది ప్రతిభ కాదు, ఒక గురువు, కొంత తోలు, కొన్ని నెలల తిండి.

కాబట్టి అడగాల్సింది ఇదీ. విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి ఉంది. ఒక విద్య రావాలంటే ఏళ్లు పడుతుందని, ఆ ఏళ్లలో శిష్యుడికి నీడ కావాలని నూరేళ్ల కిందటే ఒప్పుకున్న ఊరది. అక్కడే, లేదా బొబ్బిలిలో, చేతి నగిషీకి ఒక ఆరు నెలల తరగతి పెట్టండి. మాధవపట్నం నుంచి ఒక తోలుబొమ్మల గురువును పిలవండి. గొల్లపల్లి నుంచి రేకు మీద లతలు గీసే చెయ్యిని పిలవండి. ముందు డప్పు, చెప్పుల ఇళ్ల పిల్లలకు, ఆడపిల్లలకు, మగపిల్లలకు, చోటివ్వండి. వాళ్లకు రోజు భృతితో పాటు చిత్తు తోలు ఉచితంగా ఇవ్వండి. ఎంత పాడైందని అడగకండి. ఆ ఆరు నెలల్లో అమ్మకానికి ఒక్క వస్తువు కూడా చేయించకండి. ఏడో నెలలో వాళ్ల చేత ఒక ఆడే బొమ్మ కొట్టించి, ఏ ఊరి సంబరంలోనో తెర కట్టించండి. అయ్యే ఖర్చు ఒక ప్రారంభోత్సవపు పందిరికి అయ్యేదాని కంటే ఎక్కువేమీ ఉండదు.